విశాఖ వంటింట్లో పంజాబీ రాత్రి భోజనం: రాజ్మా, ఆలూ గోబీ, పుల్కా

పంజాబీ వంట అనగానే మనకి హోటల్ మెనూ కార్డే గుర్తొస్తుంది. పనీర్ బటర్ మసాలా, జీడిపప్పు ముద్ద, పైన గీతలు గీసినట్టు క్రీమ్. పంజాబీ ఇళ్లలో మామూలు రోజు రాత్రి ఇవేవీ ఉండవు. ఒక పప్పో రాజ్మానో, ఒక పొడి కూర, వేడి పుల్కాలు, పచ్చి ఉల్లిపాయ చక్రాలు, గ్లాసుడు ఉప్పు లస్సీ, అంతే. రాజ్మాకి చిక్కదనం గింజే ఇస్తుంది. రుచి ఉల్లిపాయని ఓపిగ్గా వేయించడంలో వస్తుంది. ఈ రెండూ కుదరకపోతే ఎన్ని మసాలా పొట్లాలు చింపి పోసినా ఆ కూర రాజ్మాలా ఉండదు, టమాటా పులుసులో చిక్కుడు గింజలు తేలుతున్నట్టు ఉంటుంది.

కింది కొలతలన్నీ నలుగురికి. కప్పు అంటే 250 మిల్లీలీటర్లది, టీ స్పూను అంటే 5 మిల్లీలీటర్లది.

రాజ్మా కొనడం

విశాఖ వాళ్లకి మంచి రాజ్మా దగ్గర్లోనే పండుతుంది. పాడేరు, చింతపల్లి, గూడెం కొత్తవీధి వైపు గిరిజన రైతులు రాజ్మా చిక్కుళ్లు చాలాకాలంగా వేస్తున్నారు. 2022లో జిల్లాలు విడదీశాక ఆ ప్రాంతమంతా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. ఏజెన్సీ ఎర్ర రాజ్మా దొరికితే అదే తీసుకోండి. లేకపోతే లేత రంగు మీద మచ్చలుండే చిత్రా రకం తెచ్చుకోవచ్చు, అది త్వరగా మెత్తబడుతుంది. పసుపు కూడా పాడేరు వైపుదైతే మంచిది. కస్తూరి మేథీ (ఎండిన మెంతాకు), ఆమ్‌చూర్ (ఎండు మామిడికాయ పొడి), నల్ల యాలక్కాయ లాంటివి పూర్ణా మార్కెట్ వైపు మసాలా దినుసుల కొట్లలో అడగండి.

రకం కన్నా ముఖ్యమైనది గింజ వయసు. వేడీ తేమా ఎక్కువున్న చోట నెలల తరబడి నిలవున్న గింజలు లోపల మారిపోతాయి. వాటిని ఎంతసేపు ఉడికించినా మధ్యలో పలుకు పోదు. సముద్రపు గాలి ఆడే మన ఊళ్లో ఇది నిత్యం జరిగేదే. కుక్కర్ పాడైందనో, గ్యాస్ సెగ చాలలేదనో అనుకుంటాం గానీ, తప్పు డబ్బాలో ఏడాదిగా ఉన్న గింజది. తోలు నిగనిగలాడుతూ, ముడతలూ పగుళ్లూ లేకుండా ఉన్నవి ఏరి కొనండి. నెలకి సరిపడా మాత్రమే తెచ్చి, గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. పాత గింజనీ కొత్త గింజనీ కలిపి వండొద్దు. సగం గుజ్జయ్యేసరికి మిగతా సగం రాయిలా మిగులుతుంది.

నానబెట్టడం

200 గ్రాముల రాజ్మాకి లీటరు నీళ్లు, ఒకటిన్నర టీ స్పూన్ల ఉప్పు. కనీసం ఎనిమిది గంటలు నానాలి. ఉప్పు వేస్తే గింజ బిరుసెక్కుతుందని చాలా ఇళ్లలో అంటారు. నిజానికి ఉప్పు నీళ్లలో నానితే తోలు మెత్తబడుతుంది, ఉడికేటప్పుడు చిట్లదు. బిరుసెక్కించేది పులుపు. అందుకే గింజ పూర్తిగా ఉడికేదాకా టమాటా దాని దరికి రాకూడదు.

ఏప్రిల్, మే నెలల్లో రాత్రంతా బయట వదిలేస్తే తెల్లారేసరికి నీళ్ల మీద నురగ, పుల్లటి వాసన ఉంటాయి. ఆ కాలంలో గిన్నెని ఫ్రిజ్‌లో పెట్టి పది గంటలు నానబెట్టండి. గింజని సగానికి విరిస్తే మధ్యలో తెల్లటి పొడి చుక్క కనపడకూడదు. కనపడితే ఇంకో గంట నాననివ్వాలి.

నానిన నీళ్లు తప్పకుండా పారబోసి, గింజల్ని రెండుసార్లు కడగండి. పచ్చి రాజ్మాలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. బాగా మరిగితే ఆ విషం విరిగిపోతుంది, కుక్కర్లో ఉడికిన గింజతో భయం లేదు. ప్రమాదమంతా మరుగు దాకా వెళ్లని సన్నటి వేడితోనే. ఎలక్ట్రిక్ స్లో కుక్కర్లో పచ్చి రాజ్మా నేరుగా వేయకండి. అందులో వేయక తప్పకపోతే ముందు పొయ్యి మీద కనీసం అరగంట తెర్లించి, తర్వాత వేయండి.

ఉడికించడం

అయిదు లీటర్ల కుక్కర్లో నానిన గింజలు, అవి మునిగి పైన అంగుళం నిలిచేలా సుమారు 800 మిల్లీలీటర్ల నీళ్లు, టీ స్పూను ఉప్పు, ఒక బిర్యానీ ఆకు, ఒక నల్ల యాలక్కాయ, అంగుళం దాల్చినచెక్క. కుక్కర్ సగానికి మించి నిండకూడదు. రాజ్మా నురగ కడుతుంది, ఆ నురగ వెళ్లి విజిల్‌కి అడ్డం పడుతుంది. చెంచాడు నూనె వేస్తే నురగ తగ్గుతుంది.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఒక సంగతి చూసుకోవాలి. గిన్నెలకి తెల్లటి పొర కట్టే నీళ్లయితే వాటిలో సున్నం ఎక్కువని అర్థం. ఆ సున్నం గింజ తోలుని గట్టిపరుస్తుంది. నానబెట్టడానికీ ఉడికించడానికీ ఫిల్టర్ నీళ్లే వాడండి. ఫిల్టర్ లేకపోతే చిటికెడు వంటసోడా వేయొచ్చు. 200 గ్రాములకి టీ స్పూనులో ఎనిమిదో వంతు చాలు, అంతకు మించితే కూరకి సబ్బు రుచి వస్తుంది.

పెద్ద మంట మీద ఒక విజిల్ రానిచ్చి, సెగ బాగా తగ్గించి 20 నిమిషాలు ఉంచండి. తర్వాత కట్టేసి, ఆవిరి దానంతటది దిగేదాకా ఆగండి. విజిల్ ఎత్తి ఆవిరి బలవంతంగా వదిలితే లోపల నీళ్లు ఒక్కసారిగా తెర్లి తోళ్లు విడిపోతాయి. విజిల్స్ లెక్కపెట్టి వండటం రాజ్మాకి పనికిరాదు. ఒక్కో కుక్కర్ ఒక్కోలా కూస్తుంది, గడియారం చూసుకోవడమే నయం.

మూత తీశాక ఒక గింజని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కండి. వెన్నలా నలగాలి, తోలు కూడా అడ్డుపడకూడదు. ఒకటే చూసి సరే అనుకోకండి, నాలుగైదు చోట్ల నుంచి తీసి చూడండి. కాస్త పలుకున్నా మళ్లీ మూత పెట్టి ఇంకో పది నిమిషాలు ఉంచాలి. మసాలాలో ఎలాగూ ఉడుకుతాయిలే అనుకుంటే అక్కడే కూర చెడుతుంది, ఎందుకంటే టమాటా పులుపులో పడ్డాక గింజ ఇక మెత్తబడదు. ఉడికిన నీళ్లు పారబోయకండి, గ్రేవీ అవే.

మసాలా

కావలసినవి: నూనె 3 టేబుల్ స్పూన్లు, జీలకర్ర టీ స్పూను, పెద్ద ఉల్లిపాయలు 2 (సుమారు 250 గ్రాములు), వెల్లుల్లి 8 రెబ్బలు, అల్లం అంగుళంన్నర, పచ్చిమిర్చి 2, టమాటాలు 4, పసుపు అర టీ స్పూను, కాశ్మీరీ కారం ఒకటిన్నర టీ స్పూన్లు, ధనియాల పొడి 2 టీ స్పూన్లు, వేయించిన జీలకర్ర పొడి అర టీ స్పూను, గరం మసాలా అర టీ స్పూను, కస్తూరి మేథీ టీ స్పూను, నెయ్యి 2 టీ స్పూన్లు, కొత్తిమీర.

గుంటూరు కారం వాడితే ముప్పావు టీ స్పూను దగ్గర ఆగండి. రంగు కోసం ఎక్కువ వేస్తే మంట తప్ప రాజ్మా రుచి తెలీదు. టమాటాలు నాటువైతే మూడు చాలు, వాటి పులుపు ఎక్కువ. ఆవాలు, కరివేపాకు పోపు పెట్టాలని చెయ్యి లాగుతుంది. ఈ కూరలో వద్దు.

ఉల్లిపాయలు సన్నగా, ఒకే సైజులో తరగండి. మిక్సీలో ముద్ద చేస్తే నీరూరి వేగడానికి చాలాసేపు పడుతుంది, ఒక్కోసారి చేదు కూడా వస్తుంది. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. టమాటాల్ని తురుముకుంటే తొక్క చేతిలో మిగిలిపోతుంది.

అడుగు మందంగా ఉన్న మూకుట్లో నూనె కాగాక జీలకర్ర వేసి, చిటపటలాడగానే ఉల్లిపాయలు, చిటికెడు ఉప్పు వేయండి. మన కూరల్లో ఉల్లిపాయ మెత్తబడి అద్దంలా కనపడగానే తర్వాతి దినుసు వేసేస్తాం. ఇక్కడ అలా చేస్తే కూర తియ్యగా, పచ్చిగా ఉండిపోతుంది. మధ్యస్థం సెగ మీద 12 నుంచి 15 నిమిషాలు, అంచులు మాత్రమే కాకుండా ముక్క మొత్తం ఎర్రటి గోధుమరంగుకి తిరగాలి. అడుగంటుతుంటే రెండు చెంచాల నీళ్లు చల్లి గీరండి. ఆ గీరినదాంట్లోనే రుచంతా ఉంటుంది. ఇంకా తెల్లగా ఉండగానే టమాటా పోస్తే ఇక ఆ ఉల్లిపాయ ఎర్రబడదు. టమాటా నీళ్లలో ఉడుకుతుందే తప్ప వేగదు.

ఇప్పుడు దంచిన అల్లం వెల్లుల్లి వేసి, రెండు నిమిషాలు పచ్చి వాసన పోయేదాకా వేయించండి. సెగ తగ్గించి పసుపు, కారం, ధనియాల పొడి, జీలకర్ర పొడి వేసి, వెంటనే రెండు చెంచాల నీళ్లు పోయండి. నీళ్లు లేని నూనెలో కారం పది పదిహేను సెకన్లలో మాడిపోతుంది, మాడిన కారం చేదుని దేనితోనూ కప్పలేం. నిమిషం తర్వాత టమాటా తురుము పోసి పది పన్నెండు నిమిషాలు వేయించాలి. మొదట అంతా చిందుతుంది, తర్వాత ముద్ద దగ్గరపడుతుంది, చివరికి గరిటెతో పక్కకి జరిపితే ఆ ఖాళీలోకి ఎర్రటి నూనె ఊరుతుంది. టమాటాలో నీరు పూర్తిగా ఇంకిపోయిందనడానికి అదే గుర్తు. నూనె తక్కువ పోస్తే ఈ గుర్తు సరిగా కనపడదు, ముద్ద అడుగంటుతూనే ఉంటుంది. మూడు టేబుల్ స్పూన్లు నలుగురి కూరకి ఎక్కువేమీ కాదు.

ఉడికిన గింజల్ని వాటి నీళ్లతో సహా పోయండి. బిర్యానీ ఆకు, చెక్క తీసేయండి. ఒక గరిటెడు గింజల్ని మూకుడు అంచుకి అదిమి మెదిపి కలిపేయాలి. క్రీమూ జీడిపప్పూ చేసే పని ఇదే చేస్తుంది. సన్నటి సెగ మీద మూత ఓరగా పెట్టి 15 నుంచి 20 నిమిషాలు ఉడకనివ్వండి. చిక్కబడితే కాగిన నీళ్లే పోయండి. ఉప్పు అప్పుడు చూడండి, ఉడికిన నీళ్లలో ఎలాగూ కొంత ఉంది. చివర గరం మసాలా, అరచేతిలో నలిపిన కస్తూరి మేథీ, నెయ్యి, కొత్తిమీర. మన తేమకి మేథీ మెత్తబడిపోతే పెనం మీద అర నిమిషం వేడిచేస్తే నలుగుతుంది.

దించాక అరగంట మూతపెట్టి వదిలేయాలి. రాజ్మా చల్లారేకొద్దీ చిక్కబడుతుంది. అందుకే పొయ్యి మీద ఉన్నప్పుడు కొంచెం పల్చగానే ఉండాలి.

ఆలూ గోబీ

చలికాలంలో రైతు బజారులో గట్టిగా, తెల్లగా, బిగువుగా ఉన్న కాలీఫ్లవర్ దొరుకుతుంది. ఈ కూర అప్పుడే బాగుంటుంది. ఎండాకాలం పువ్వు విచ్చుకుని, వాసన వేస్తూ ఉంటుంది. అప్పుడు దీని బదులు బెండకాయ వేపుడు పెట్టుకోవడమే మంచిది.

అరకిలో గోబీని కాస్త పెద్ద రెమ్మలుగా విడదీసి, ఉప్పూ పసుపూ వేసిన వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచితే పురుగులు బయటపడతాయి. తర్వాత బట్ట మీద పరిచి పూర్తిగా ఆరనివ్వాలి. గోబీ ముద్దయిందని బాధపడేవాళ్లలో చాలామంది వదిలేసే మెట్టు ఇదే. పావుకిలో బంగాళాదుంపలు గోబీ కన్నా చిన్న ముక్కలుగా కోయండి, అవి ఉడకడానికి ఎక్కువసేపు పడతాయి కాబట్టి.

మూడు టేబుల్ స్పూన్ల నూనెలో దుంపలు అయిదారు నిమిషాలు వేయించి తీసి పక్కన పెట్టండి. అదే నూనెలో టీ స్పూను జీలకర్ర, సన్నగా చీల్చిన అంగుళం అల్లం, రెండు పచ్చిమిర్చి, తర్వాత అర టీ స్పూను పసుపు, ఒకటిన్నర టీ స్పూన్ల ధనియాల పొడి, అర టీ స్పూను కారం. గోబీ, దుంపలు, ఉప్పు వేసి కలిపి, సన్నటి సెగ మీద మూతపెట్టి పన్నెండు నిమిషాలు. నీళ్లు ఒక్క చుక్క పోయకూడదు. మధ్యలో రెండుసార్లు మూత తీసి, మూత లోపలి తడిని తుడిచి మళ్లీ పెట్టండి. కాడలోకి చాకు సులువుగా దిగితే మూత తీసేసి, సెగ పెంచి, కదపకుండా మూడు నిమిషాలు వదిలేస్తే అక్కడక్కడా ఎర్రగా కాలుతుంది. దించేటప్పుడు అర టీ స్పూను ఆమ్‌చూర్. అది లేకపోతే పొయ్యి కట్టేశాక నిమ్మరసం పిండండి. చింతపండు మాత్రం వద్దు.

అన్నం, లస్సీ

రాజ్మాకి అన్నమే అసలు జోడీ, పంజాబీ ఇళ్లలో కూడా. ఒకటిన్నర కప్పుల బాస్మతి కడిగి అరగంట నానబెట్టి వడకట్టండి. టేబుల్ స్పూను నెయ్యిలో ఒకటిన్నర టీ స్పూన్ల జీలకర్ర వేయించి, బియ్యం వేసి నిమిషం కలిపి, రెండుంపావు కప్పుల కాగిన నీళ్లు, ఉప్పు వేయండి. పైన నీళ్లు ఇంకి గుంటలు కనపడగానే మూతపెట్టి, సన్నటి సెగ మీద ఎనిమిది నిమిషాలు, దించాక పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. బాస్మతి లేకపోతే మామూలు సోనామసూరి అన్నం మీద జీలకర్ర నెయ్యి పోపు పోసినా సరే, ఏ లోటూ ఉండదు.

లస్సీకి 400 గ్రాముల పెరుగు, 300 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లు, ముప్పావు టీ స్పూను ఉప్పు, టీ స్పూను వేయించిన జీలకర్ర పొడి కలిపి కవ్వంతో చిలకండి. ఇది మన మజ్జిగ కన్నా చిక్కగా ఉండాలి. వేసవిలో తోడు పెట్టిన అయిదారు గంటలకే పెరుగు పులిసిపోతుంది కాబట్టి, తోడుకోగానే ఫ్రిజ్‌లోకి నెట్టేయండి. ఉల్లిపాయ చక్రాల్ని పది నిమిషాలు చల్లటి నీళ్లలో ఉంచితే ఘాటు దిగుతుంది, వడ్డించేముందు నిమ్మకాయ, ఉప్పు.

పుల్కా

చపాతీకి మనం నూనె రాసి మడతలు వేస్తాం. పుల్కాకి పిండిలో నూనె ఉండదు, మడతలుండవు. పొంగేది లోపలి ఆవిరితోనే.

250 గ్రాముల గోధుమపిండికి అర టీ స్పూను ఉప్పు, సుమారు 165 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లు. నీళ్లన్నీ ఒకేసారి పోయకండి. వానాకాలంలో మన పిండి గాలిలో తేమని ముందే పీల్చుకుని ఉంటుంది, అప్పుడు రెండు మూడు చెంచాలు తక్కువే పడతాయి. ఎనిమిది నిమిషాలు మదాయించి, తడిబట్ట కప్పి అరగంట ఉంచాలి. వేలితో నొక్కితే గుంట నెమ్మదిగా పైకి రావాలి. పిండి గట్టిగా ఉంటే పుల్కా అప్పడంలా బిరుసెక్కుతుంది. 38 గ్రాముల ఉండలు చేస్తే పది పదకొండు వస్తాయి.

ఆరంగుళాల వెడల్పు, అంచూ మధ్యా ఒకే మందం. మధ్యలో పల్చబడితే అక్కడ చిల్లుపడి ఆవిరి బయటికి పోతుంది. వత్తాక పొడిపిండి దులిపేయండి, లేకపోతే అది పెనం మీద మాడి చేదెక్కుతుంది.

పెనం మీద నీటిచుక్క వేస్తే గంతులేయాలి, అంత వేడి. మొదటి వైపు 15, 20 సెకన్లు మాత్రమే, రంగు మారి చిన్న బుడగలు కనపడేదాకా. తిప్పి రెండో వైపు 30, 40 సెకన్లు, గోధుమరంగు మచ్చలు పడేదాకా. ఇప్పుడు పట్కారుతో పట్టుకుని, మొదటి వైపు కిందకి వచ్చేలా నేరుగా మంట మీద పెడితే బంతిలా పొంగుతుంది. మొదటి వైపు పెనం మీదే ఎక్కువసేపు ఉంచితే పైపొర ఎండిపోతుంది, ఇక పొంగదు. పుల్కా పొంగకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. ఇండక్షన్ పొయ్యి ఉన్నవాళ్లు పెనం మీదే, రెండోసారి తిప్పాక మడతపెట్టిన బట్టతో అంచులు మెల్లగా అదమండి. మంట మీద కాలిన వాసన రాదు గానీ పొంగడం పొంగుతుంది.

దించగానే నెయ్యి రాసి, బట్ట పరిచిన డబ్బాలో పెట్టండి. బట్ట లేకుండా స్టీలు డబ్బాలో పెడితే ఆవిరి నీళ్లయి అడుగు పుల్కాలు తడిసిపోతాయి.

సాయంత్రం ఏది ఎప్పుడు

ఎనిమిదిన్నరకి తినాలంటే ఆరున్నరకల్లా కుక్కర్ పొయ్యెక్కాలి. అది ఉడికేలోపు పిండి తడిపి, ఉల్లిపాయలు తరిగి, గోబీ కడిగి ఆరబెట్టండి. ఆవిరి దిగేలోపు ఒక పొయ్యి మీద మసాలా వేగుతుంటే, రెండో పొయ్యి మీద ఆలూ గోబీ అయిపోతుంది. మసాలాలో టమాటా తురుము పోయగానే బియ్యం నానబెట్టి, కూర దించగానే అన్నం పెట్టండి. పుల్కాలు చివర్లో, జనం కూర్చున్నాక.

మిగిలిన రాజ్మా మర్నాడు ఇంకా బాగుంటుంది. కానీ మన ఉక్కపోతలో రాత్రంతా బయట వదిలితే పులిసిపోతుంది. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు అరకప్పు వేడినీళ్లు పోసి తెర్లేదాకా కాచండి.